ఊరి ఉత్తరాలు: ఆర్చి కట్టాలా, లైబ్రరీ తలుపు తీయాలా?

పంచాయతీ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కాబట్టి నాకొచ్చే ఉత్తరాలన్నీ ఊరి గురించే ఉంటాయి. ఈ నెల కట్టలో ఎక్కువ మంది అడిగింది ఒకటే: "ఫలానాది కట్టాలంటే ఎంతవుతుంది?" అది మీ మండలం ఇంజనీరు గారు చెప్తారు. కట్టిన మర్నాటి నుంచి దాన్ని ఎవరు నడుపుతారు, నెలకెంతవుతుంది, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మూడూ నేను అడుగుతాను. అందుకని కొన్ని జవాబులు మీకు రుచించకపోవచ్చు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేము మా మండల కేంద్రంలోని హైస్కూల్ పూర్వ విద్యార్థులం. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, కొందరం అమెరికా. సంక్రాంతికి కలిసినప్పుడు ఊరికేదైనా చేద్దామని 12 లక్షలు పోగుచేశాం. మాలో పెద్దవాళ్ళు ఊరి మొదట్లో స్వాగత ద్వారం కట్టిద్దామంటున్నారు. మిగతావాళ్ళం మూసే ఉంటున్న శాఖా గ్రంథాలయాన్ని బాగుచేద్దామంటున్నాం. వాట్సాప్ గ్రూపులో మాటామాటా పెరిగి ఇద్దరు బయటికి వెళ్ళిపోయారు కూడా. మీరైతే ఏం చేస్తారు?
- ఒక పూర్వ విద్యార్థి, బాపట్ల జిల్లా

జవాబు: బాబూ, నేనైతే ముందు ఆ 12 లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టను.

ఎందుకో చెప్తాను. ఆర్చి విషయం తొందరగా తేల్చేద్దాం. రోడ్డు మీద ఆర్చి కట్టాలంటే ఆ రోడ్డు ఎవరిదో వాళ్ళ అనుమతి కావాలి. అది ఆర్ అండ్ బీ రోడ్డయితే మీ సర్పంచ్ గారి సంతకం సరిపోదు. అనుమతి వచ్చిందే అనుకుందాం. ఎత్తు తక్కువైతే వరికోత మిషన్ పట్టదు, గడ్డి లోడు ట్రాక్టర్ పట్టదు. కోతల కాలంలో ఊరి రైతులు మీ బ్యాచ్ మొత్తాన్ని పేరుపేరునా తలుచుకుంటారు. అది మీరు కోరుకునే పేరు కాదనుకుంటాను.

ఇక గ్రంథాలయం. మీరు బాపట్ల జిల్లా అని రాశారు కాబట్టి ఈ మాట అనే హక్కు నాకు కాస్త ఎక్కువే ఉంది. మీ జిల్లాలోనే వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం ఉంది. 1918లో పెట్టారు. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధన చేసుకునేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఆ చిన్న ఊరికి వస్తారు. అంతకు ముందే, 1914లో, గ్రంథాలయాలు నడుపుకునే ఊళ్ళవాళ్ళంతా బెజవాడలో కూడి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దానికి ముందు నిలబడ్డారు. 1935లో పాతూరి నాగభూషణం గారైతే కృష్ణా డెల్టా కాలువలో పడవ మీదే పుస్తకాలు తిప్పారు. పడవల్లో ప్రయాణాలు చేసే జనం ఎక్కడుంటే అక్కడికి పుస్తకం వెళ్ళాలని ఆయన ఆలోచన. జనం ఎప్పుడు, ఎక్కడ ఖాళీగా ఉంటారో చూసుకున్నాడు చూడండి, మీరు పట్టుకోవాల్సింది అది.

మీ శాఖా గ్రంథాలయం ఎందుకు మూసే ఉంటోందో ముందు కనుక్కోండి. పుస్తకాలు లేకనా? చాలాచోట్ల కాదు. మనిషి లేక. ఒకే ఉద్యోగికి రెండు మూడు శాఖలు అప్పగిస్తే ఆయన ఇక్కడున్న రోజు అక్కడ తాళం. అక్కడున్న రోజు ఇక్కడ తాళం. పోనీ తెరిచినా, తెరిచే వేళకు పిల్లలు బడిలో, పెద్దలు పొలంలో ఉంటారు. వాళ్ళు ఇల్లు చేరేసరికి మళ్ళీ తాళం. నేను చూసిన గ్రంథాలయాల్లో రంగు వెలిసినా జనంతో కళకళలాడేవి ఉన్నాయి, కొత్త టైల్స్ వేసి ఒక్క మనిషీ లేనివీ ఉన్నాయి. తేడా అంతా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తలుపు తీసి కూర్చునే మనిషిలోనే.

ఇక డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రంథాలయాల చట్టం 1960 నాటిది. దాని ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. మీ అమ్మానాన్నలు కడుతున్న ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, ఆ గడి కనిపిస్తుంది. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జమ కాకుండా బకాయిలు పడటం కొత్తేమీ కాదు. కాబట్టి మీ మొదటి పని చందా ఇవ్వడం కాదు. మీ ఊరి పంచాయతీ ఈ పన్ను కింద ఎంత వసూలు చేసింది, ఎంత జమ చేసింది అని అడగడం. ఊరు ఇప్పటికే కడుతున్న డబ్బుకు లెక్క తెలియకుండా పైనుంచి ఇంకో 12 లక్షలు పోస్తే, ఆ 8 పైసల గురించి ఇక ఎప్పటికీ ఎవరూ అడగరు.

రెండో పని. మీ గుంపును సంఘంగా రిజిస్టర్ చేయించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ సంఘం పేర 12 లక్షలూ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 84 వేలు, అంటే నెలకు 7 వేలు. జిల్లా గ్రంథాలయ సంస్థకు రాతపూర్వకంగా అడిగి, వాళ్ళ అనుమతితో, సాయంత్రం మూడు గంటలు తెరిచి ఉంచడానికి ఊళ్ళోనే ఒక మనిషిని పెట్టుకోండి. డిగ్రీ అయ్యి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న అమ్మాయో అబ్బాయో అయితే ఇంకా మంచిది, ఆ మూడు గంటలూ వాళ్ళూ చదువుకుంటారు. అసలు సొమ్ము కదలదు, పని ఏటా నడుస్తుంది.

కుర్చీలు, ఫ్యాన్లు, లైట్లు, తాగునీళ్ళు, ఆడపిల్లలకు గడియ పడే మరుగుదొడ్డి. ఈ చివరిది లేకపోతే ఊళ్ళో సగం మందికి మీ గ్రంథాలయం లేనట్టే. రాత్రి తొమ్మిది దాకా మీ అమ్మాయిని అక్కడ కూర్చోబెడతారా అని మీ గ్రూపులోనే అడిగి చూడండి. వీటికి మాత్రం విడిగా చందా వేసుకోండి. డిపాజిట్ ముట్టుకోవద్దు.

పుస్తకాల సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. ఇంట్లో అటక ఖాళీ చేసుకోవడానికి గ్రంథాలయం దారి కాదు. పాత సిలబస్ గైడ్లు, మొదటి పేజీలు లేని నవలలు కట్టలు కట్టి పంపకండి. ఊళ్ళో పిల్లలు ఏ పరీక్షకు చదువుతున్నారో అడిగి, ఆ ఏడాది పుస్తకాలే కొనండి. రెండు తెలుగు పత్రికలు, ఒక ఇంగ్లిష్ పత్రిక, పిల్లల కథల పుస్తకాలు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఆర్చి అడిగిన పెద్దల మీద కోపం పెట్టుకోకండి. తమ పేరు ఊళ్ళో ఎక్కడో ఒకచోట కనబడాలనుకోవడం తప్పేం కాదు. గ్రంథాలయం గోడ మీద దాతల పేర్లతో నల్లరాతి పలక వేయించండి, అందులో వాళ్ళ పేర్లు ముందు రాయించండి. గ్రూపులోంచి వెళ్ళిపోయిన ఇద్దరికీ మీరే ఫోన్ చేయండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టకండి, ఫోన్ చేయండి.

ప్రశ్న: అక్కా, మా సర్పంచ్ ఊరి చెరువు కట్ట మీద 'ఐ లవ్' అని ఇంగ్లిష్ అక్షరాల్లో మా ఊరి పేరుతో సెల్ఫీ పాయింట్ పెట్టించాడు. కరెంటు బిల్లు పంచాయతీదే. మీ అభిప్రాయం?
- కరీంనగర్ జిల్లా

జవాబు: వీధి దీపాల బిల్లు బకాయి లేకపోతే వెలగనివ్వండి తమ్ముడూ. ఉంటే ముందు దాన్ని ఆర్పమనండి.

ప్రశ్న: మేడమ్, నేను వార్డు మెంబర్‌ని. మా ఊరి అంగడి బుధవారం. చిన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళు, తండాల నుంచి జనం వచ్చి కాలు పెట్టడానికి సందుండేది కాదు. ఇప్పుడు సగం ఖాళీ. కూరగాయలవాళ్ళు హైవే మీదికి పోయారు. కొనేవాళ్ళు ఆటో ఎక్కి టౌన్‌కు పోతున్నారు. నిధులు వస్తే సిమెంటు గద్దెలు, షెడ్డు కట్టిద్దామని మా పాలకవర్గం అనుకుంటోంది. అంగడి మళ్ళీ నిలబడుతుందా?
- మహబూబాబాద్ జిల్లా

జవాబు: నిలబడొచ్చమ్మా. షెడ్డుతో మాత్రం కాదు.

గద్దెలు కట్టి, పైన రేకులు వేసి, ప్రారంభోత్సవం చేసిన తర్వాత అమ్మేవాళ్ళు ఆ గద్దెలెక్కకుండా వాటి ముందు నేల మీద గోనెసంచి పరుచుకుని కూర్చున్న అంగళ్ళు మీరూ చూసే ఉంటారు. వాళ్ళకు తెలివి లేకనా? కొనే మనిషి నడిచే దారి ఎక్కడుందో అక్కడే సరుకుండాలని వాళ్ళకు తెలుసు. వెనక వరస గద్దె మీద కూర్చున్న ఆమె దగ్గరికి పోయేలోపే మనిషి సంచి నిండిపోతుంది. ఇది డిజైన్ గీసినాయనకు తెలియదు, ఆయన ఎప్పుడూ ఆకుకూర అమ్మలేదు.

కొనేవాళ్ళను పిలిచే ఆలోచన పక్కన పెట్టి, వచ్చే బుధవారం మీరు హైవే మీదికే వెళ్ళండి. అక్కడ కూర్చున్నవాళ్ళను అంగడి ఎందుకు వదిలారో అడగండి. నాకు తెలిసినంతలో మొదట వచ్చే మాట తైబజార్. అంగడి వసూళ్ళ హక్కును పంచాయతీ ఏటా వేలం వేస్తుంది. పాట ఎంత ఎక్కువ పోతే పంచాయతీకి అంత ఆదాయం అని మనం సంతోషిస్తాం. పాట పాడినవాడు ఆ డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకుంటాడు? రెండు కట్టల కొత్తిమీర తెచ్చిన ముసలామె దగ్గర. వసూలు ఎంత అన్నది ఎక్కడా రాసి ఉండదు. వాడు అడిగిందే రేటు. రసీదు ఇవ్వడు. ఆమె రెండు వారాలు చూసి మూడో వారం రోడ్డు మీదికి పోతుంది, అక్కడ అడిగేవాడు లేడు.

ఇది మీ చేతిలో ఉన్న పని, దీనికి నిధులు అక్కర్లేదు. వచ్చే వేలానికి ముందే షరతులు రాయించండి. గంపకు ఎంత, తోపుడు బండికి ఎంత, ఆటోకు ఎంత, మేకకు ఎంత అన్నది అంగడి మొగదల పెద్ద బోర్డు మీద రాసి ఉండాలి. రసీదు లేని వసూలు చెల్లదు. తలమీద మోసుకొచ్చిన గంపకు అసలు తైబజార్ వద్దని కూడా మీరు తీర్మానం పెట్టొచ్చు. పాట కొంత తగ్గుతుంది. తగ్గనివ్వండి. అంగడే పోయాక పాట పాడేదెవరు?

ఇంకో షరతు గ్రామసభలో పెట్టించండి. అంగడి మీద వచ్చిన ఆదాయంలో ఇంత భాగం అంగడికే ఖర్చు పెట్టాలని. దాంతో నీళ్ళ ట్యాంకు, సాయంత్రానికి లైట్లు, సాయంత్రం ఊడ్చే మనిషి, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి. పొద్దున ఆరింటికి ఇల్లు వదిలి చీకటి పడ్డాక ఇల్లు చేరే ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చుంటారు. ఎందుకు తాగరో మీకు నేను వివరించనక్కర్లేదు. ఇంకా షెడ్డు కట్టాలనే ఉంటే, అమ్మేవాళ్ళనే పిలిచి నేల మీద సున్నంతో గీయించండి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, దారి ఎటు పోవాలో. ఆ గీతల మీద కట్టండి.

1999 జనవరి 26న ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలైనప్పుడు జనం ఎగబడి వెళ్ళారు. భవనాలు చూసి కాదు. రైతే అమ్ముతాడు, ధర బోర్డు మీద ఉంటుంది, తూకం నమ్మొచ్చు. ఈ మూడూ మీ అంగట్లోనూ పెట్టుకోవచ్చు. అనుమానం ఉన్నవాళ్ళు మళ్ళీ తూచుకోవడానికి పంచాయతీ తరఫున ఒక కాంటా మధ్యలో పెట్టండి, చాలు. మొదటి నెల నలుగురు తూచుకుంటారు. తర్వాత ఎవరూ తూచుకోరు, అయినా దాన్ని తీసేయకండి.

ఇక కొనేవాళ్ళు. వాళ్ళు టౌన్‌కు పోయేది టమాటల కోసమే కాదు. బ్యాంకు పని, మీసేవ కాగితం, ఫోన్ రిపేరు, బీపీ గోలీలు, వీటికి పోయి వస్తూ వస్తూ టమాటలు కొంటున్నారు. పాత అంగడి బలం కూడా సరుకుల్లో ఒక్కటే లేదు. పెళ్ళి సంబంధాలు, కూలి ఒప్పందాలు, ఎద్దుల బేరాలు, చుట్టాల మంచిచెడులు అన్నీ అక్కడే తేలేవి. కాబట్టి ఊళ్ళో పనులన్నిటినీ బుధవారానికి ముడిపెట్టండి. ఏఎన్ఎం గారిని ఆ రోజు అంగడి పక్కన కుర్చీ వేసుకుని బీపీ, షుగరు చూడమనండి. పశువుల డాక్టరు గారు ఎలాగూ ఏదో ఒక రోజు వస్తారు, ఆ రోజు బుధవారం కమ్మనండి. బ్యాంకు తరఫున డబ్బులిచ్చే మిత్రను అక్కడే కూర్చోమనండి. పింఛన్ల పంపిణీ కూడా ఆ రోజే పడేట్టు పోస్టాఫీసు వాళ్ళతో మాట్లాడండి. పింఛను చేతికొచ్చిన ముసలాయన పక్కనే ఉన్న అంగట్లో మనవడికి ఏదో ఒకటి కొనకుండా ఇంటికి పోడు.

వీటిల్లో ఎక్కువ భాగం మాట మీద అయ్యే పనులు. మీరు వార్డు మెంబర్, మీ మాటకు విలువుంటుంది. మీ పక్కన అడ్డం మాట్లాడేవాళ్ళు ఉంటారనీ తెలుసు. ఆడ మెంబరు మాట్లాడుతుంటే "మీ ఆయన్ని పంపించమ్మా" అనేవాళ్ళను నేను కుర్చీలో ఉండగానే చూశాను. మీరే వెళ్ళండి.

ప్రశ్న: అమ్మా, మా ఊళ్ళో గ్రామాభివృద్ధి కమిటీ చెప్పినంత చందా కట్టలేదని మా కుటుంబంతో ఎవరూ మాట్లాడొద్దని చాటింపు వేయించారు. మాట్లాడితే జరిమానా అట. కిరాణా కొట్టువాడు సరుకు ఇవ్వట్లేదు. కమిటీ గుడి బాగుచేసింది, బడికి గోడ కట్టింది, నిజమే. కానీ ఇది న్యాయమా? పేరు వేయకండి.
- నిజామాబాద్ జిల్లా

జవాబు: న్యాయం కాదమ్మా, చట్టం అంతకన్నా కాదు. గ్రామాభివృద్ధి కమిటీ పంచాయతీ కాదు, కోర్టూ కాదు. చందా అడగొచ్చు, ఇవ్వకపోతే ఊరుకోవాలి. జరిమానా వేసే అధికారం, వెలివేసే అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు. బడికి గోడ కట్టించినందుకు దండం పెడదాం. ఆ గోడ చూపించి ఒక ఇంటికి ఉప్పు పప్పు ఆపే హక్కు మాత్రం రాదు.

ఈ రోజే చేయాల్సింది: చాటింపు ఏ తేదీన, ఎవరు వేశారు, ఏ మాట అన్నారు, కొట్లో ఎవరి ముందు సరుకు లేదన్నారు, అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో రికార్డు ఉంటే జాగ్రత్త చేయండి. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. తీసుకోకపోతే అదే ఫిర్యాదు పోలీసు పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మీది ఎస్సీ లేదా ఎస్టీ కుటుంబమైతే, వెలివేసినవాళ్ళు ఆ వర్గాలకు చెందనివారైతే, సాంఘిక బహిష్కారం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కిందే నేరం. 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో ఆ మాట నేరుగా ఉంది. లాయరు ఖర్చుకు భయపడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు.

మీ ఊళ్ళో కమిటీలో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఊరు బాగుకు ఎంత ఖర్చు పెట్టారో లెక్క చెప్పండి. లెక్క చదివి వినిపించిన చోట చందా కట్టనివాళ్ళు తక్కువ.

ప్రశ్న: మేడమ్ గారూ, మేము పొదుపు సంఘం సభ్యులం. పదేళ్ళ కిందట మా ఊళ్ళో పాల శీతలీకరణ కేంద్రం పెట్టారు. ఏడాదిన్నర నడిచి మూతపడింది. మిషన్లు తుప్పు పడుతున్నాయి. మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటున్నాం. ముల్కనూరులో ఆడవాళ్ళే డైరీ నడుపుతారట కదా, వాళ్ళకు కుదిరింది మాకెందుకు కుదరలేదు?
- శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: మంచి చోటే చూశారు. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ఉంది ముల్కనూరు. అక్కడ రెండు సహకార సంఘాలున్నాయి. మొదటిది 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారి పూనికతో రైతులు పెట్టుకున్న పరపతి, మార్కెటింగ్ సంఘం. అప్పు అదే ఇస్తుంది, ఎరువు అదే అమ్ముతుంది, పండిన పంట అదే కొంటుంది. ఆడవాళ్ళ డైరీ 2000లో మొదలైంది. వాళ్ళ పాలు 'స్వకృషి' పేరుతో అమ్ముతారు. అంటే డైరీ పుట్టేనాటికే ఆ చుట్టుపక్కల జనానికి సంఘం అంటే ఏమిటో, లెక్క ఎలా ఉంటుందో నలభై ఏళ్ళకు పైగా అలవాటు. మీ ఊళ్ళో ముందు మిషన్ వచ్చింది, తర్వాత సంఘం వచ్చింది. మీ ప్రశ్నకు సగం జవాబు అదే.

మిగతా సగం పాలలో ఉంది. పాలు పితికిన కొన్ని గంటల్లో నాలుగు డిగ్రీల దాకా చల్లబడాలి. కరెంటు పోతే జనరేటర్, దానికి డీజిల్. ట్యాంకు సగం కూడా నిండకపోతే అదే డీజిల్ లీటరు పాల మీద రెట్టింపు భారం. ఎండాకాలంలో గేదెలు వట్టిపోతాయి, పాలు తగ్గుతాయి, ఖర్చు తగ్గదు. సరిగ్గా అప్పుడే ప్రైవేటు డైరీ వ్యాన్ వాడు లీటరుకు రెండు రూపాయలు ఎక్కువిస్తానని గడప దగ్గరికి వస్తాడు. మీ సభ్యులు ఆ రెండు నెలలు వాడికి పోశారా? నాకు మీ లెక్కలు తెలియవు, కానీ మూతపడింది ఏ నెలలోనో చూసుకోండి. వేసవి అయి ఉంటే నేనింకేం చెప్పనక్కర్లేదు.

మళ్ళీ మొదలుపెట్టేముందు మిషన్ జోలికి పోకండి. మొదట ఇల్లిల్లూ తిరిగి ఎన్ని పాడి పశువులున్నాయి, ఇంట్లో వాడకం పోను ఎన్ని లీటర్లు పోయగలరు, ఎండాకాలంలో ఎన్ని అన్నది రాయండి. ఆ లీటర్లు ట్యాంకుకు సరిపోకపోతే పక్క రెండు ఊళ్ళను కలుపుకోవాలి, లేదా మిషన్ ఆలోచనే వదిలి ఉన్న డైరీకే అందరూ కలిసి పోసి మంచి రేటు అడగాలి. కలిసి అడగడం కూడా సహకారమే, దానికి తుప్పుపట్టేదేమీ ఉండదు.

సరిపోతాయనుకుంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేయించుకోండి, ముల్కనూరు ఆడవాళ్ళు ఎంచుకున్న దారి అదే. అందులో ప్రభుత్వ వాటా ధనం ఉండదు, కాబట్టి అధికారుల పెత్తనమూ ఉండదు. అప్పుల్లో పడితే ఆదుకునేవాళ్ళూ ఉండరు. ఈ రెండూ కలిపే వస్తాయని సభ్యులందరికీ ముందే చెప్పండి. వెన్న శాతం చూసే మిషన్ పాలు పోసే ఆమెకు కనిపించేలా పెట్టండి, అంకె ఆమె ముందే పుస్తకంలో పడాలి. డబ్బు పదిహేను రోజులకని చెప్పాక పదహారో రోజు కాకూడదు. ఏడాదిలో ఇన్ని రోజులు పాలు పోయని సభ్యురాలికి ఓటు లేదని నియమావళిలో రాసుకోండి. కఠినంగా అనిపిస్తుంది, కానీ ఎండాకాలంలో వ్యాన్ వాడికి పోసి వానాకాలంలో మీటింగ్‌కు వచ్చి బోనస్ అడిగేవాళ్ళతో ఏ సంఘమూ బతకలేదు.

పాత మిషన్‌ను ఒకసారి మెకానిక్‌కు చూపించండి. పనికిరానిదైతే అది ఎవరి పేర ఉందో కనుక్కుని, ఆ శాఖకు రాసి ఇచ్చేయండి. కళ్ళముందు అది ఉన్నన్నాళ్ళూ కొత్తగా ఏం చెప్పినా జనం దానివైపే చూస్తారు.

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్ళు. డిగ్రీ చేసి ఊళ్ళోనే ఉన్నాను, నాన్నకు పొలం పనుల్లో తోడుగా. మా యూత్ అసోసియేషన్ వినాయక చవితి తప్ప ఇంకేం చేయదు. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని పోరంబోకులంటారు. చెరువు కట్ట మీద బల్లలు, లైట్లు పెట్టిద్దామని నా ఆలోచన. గ్రామసభకు పోతే ఎవరూ రారు, సంతకాలు మాత్రం ఉంటాయి. మాకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు.
- జనగామ జిల్లా

జవాబు: వినాయక చవితి తప్ప ఇంకేం చేయదంటావేం నాయనా! ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేస్తారు. మండపానికి మనుషులు వంతులేసుకుని రాత్రుళ్ళు కాపలా ఉంటారు. కరెంటుకు, మైకుకు అనుమతి తెస్తారు. వందల మందికి భోజనాలు పెడతారు. నిమజ్జనానికి ట్రాక్టర్ మాట్లాడతారు. ఊళ్ళో ఇంత పని చేయగలిగిన గుంపు ఇంకోటుందా? పంచాయతీకి కూడా ఇంత మంది పనివాళ్ళు లేరు. మీకు లేనిది ఒక్కటే, లెక్క చదివే అలవాటు. ఈసారి నిమజ్జనం మర్నాడు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది గుడి ముందు మైకులో చదవండి, కాగితం గోడకు అంటించండి. పోరంబోకులన్న నోళ్ళు చాలావరకు అక్కడే ఆగుతాయి. మిగిలిన డబ్బు చెరువుకన్నప్పుడు ఎవరూ కాదనరు.

బల్లలు తర్వాత పెట్టొచ్చు. ముందు వానాకాలానికి ముందొకసారి చెరువులోకి నీళ్ళు తెచ్చే కట్టుకాలువ వెంట, మొదటి నుంచి చివరి దాకా నడవండి. మీ ఊరి నీరటి (చెరువు నీళ్ళు చూసుకునే) కుటుంబంలో పెద్దాయన ఉంటే వెంట తీసుకుపోండి. కాలువ ఎక్కడ పూడింది, ఎవరు దున్నుకున్నారు, ఏ వెంచర్ గోడ అడ్డం వచ్చింది, అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీయండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులున్నాయని లెక్క తేల్చారు. చాలా ఊళ్ళలో పూడిక తీశారు, ఆ మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. కానీ నీళ్ళు వచ్చే దారి మూసుకుపోతే ఎంత లోతు తవ్వినా చెరువు ఎండే ఉంటుంది. మన చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితేనే కింది చెరువుకు నీళ్ళు. మీ కాలువ మొదలు పక్క ఊళ్ళో ఉండొచ్చు, అప్పుడు అక్కడి కుర్రాళ్ళతో కూడా మాట్లాడాల్సి వస్తుంది. వాళ్ళకూ ఒక వినాయకుడి గ్రూపు ఉంటుందిలే.

ఇక గ్రామసభ. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాళ్ళూ అందులో సభ్యులే, ఇది 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగ సవరణలోని మాట. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకొకసారైనా గ్రామసభ జరగాలి. జనం రాకుండా సంతకాలున్నాయంటే ఆ రిజిస్టరు మీరు చూడాలి. సమాచార హక్కు చట్టం కింద గత రెండేళ్ళ గ్రామసభ తీర్మానాల నకళ్ళు, హాజరు పట్టీ, చెరువు శిఖం (నీళ్ళు నిలిచే నేల) హద్దుల పటం అడగండి. గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు. మండల స్థాయిలో అయితే 5 రూపాయలు, ఆ పైన 10. తీర్మానాలు, హాజరు పట్టీ పంచాయతీ కార్యదర్శిని అడగాలి, చెరువు పటానికి తహసీల్దార్ ఆఫీసుకు రాయాలి. జవాబు 30 రోజుల్లో రావాలి. కొట్లాటకు పోయినట్టు కాకుండా మర్యాదగా రాయండి, కార్యదర్శి కూడా మీ వయసు వాడే అయి ఉంటాడు, పని ఒత్తిడితో నలిగిపోతూ ఉంటాడు. చాలాసార్లు దరఖాస్తు చూడగానే "కూర్చో అన్నా, చూపిస్తా" అంటాడు. అప్పుడు కూర్చుని చూడు.

తీర్మానాలు చేతికొచ్చాక వచ్చే గ్రామసభకు ఒక్కడివే పోకు. అసోసియేషన్‌లో పదిమందీ, మీ అమ్మల్నీ అక్కల్నీ తీసుకుని పోండి. కట్టుకాలువ ఫొటోలు ముందు పెట్టి, కాలువ పూడిక తీత ఉపాధి హామీ పనుల్లో చేర్చమని అడిగి, అది తీర్మానంలో రాసేదాకా లేవకండి. రాసింది చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

ఇదంతా చవితికి ముందే మొదలుపెట్టు. చవితి అయిపోయాక మీ గ్రూపులో సగం మంది హైదరాబాద్ బస్సెక్కేస్తారు.